ఎడారి బాటలో మూడు సరస్సులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెయందు గ్రంథాలయము ఇరువదియైదేండ్లు ఎడతెగక నడచుట సామాన్యమైన విషయము కాదు. అందులోను వానలు సరిగా పడని మన అనంతపురము సీమలో, కరవు వచ్చినప్పుడు పశువుల మేతకే వెదకుకొను ఊరిలో, పుస్తకమునకై చందా ఇచ్చినవారు కలరన్న, అది ఈ ఊరివారి సంస్కారమునకు గుర్తు. అట్టి సంస్థయొక్క రజతోత్సవమునందు నాలుగు మాటలు చెప్పు భాగ్యము కలిగించినందులకు కృతజ్ఞుడను.

భూగోళశాస్త్రము బోధించి విశ్రాంతి తీసికొన్న ఉపాధ్యాయుడను గనుక, చూచివచ్చిన దేశమును గూర్చి చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. అమెరికా అనగానే ఆకాశమునంటు మేడలను గూర్చి చెప్పుదునని కొందరు ఎదురుచూచుచుండవచ్చును. ఆ మేడలను గూర్చి చెప్పువారు వేరే కలరు. నేను చెప్పబోవునది ఒక్క పగటి ప్రయాణము. సుమారు 320 మైళ్ల బాట. మనము అనంతపురమునుండి హైదరాబాదు పోయి సగము దారి మరల వచ్చినంత దూరము. ఆ బాటలో మూడు సరస్సులను చూచితిని. ఒకటి ప్రకృతి ఎండగట్టినది. రెండవది మనుష్యుడు ఎండగట్టినది. మూడవది ఎండిపోవుచుండగా మనుష్యులే అడ్డుపడి నిలిపినది. ఈ మూడింటి కథయు తిరిగి తిరిగి మన చెరువుకట్టకే వచ్చి చేరును గనుక దానిని ఎన్నుకొంటిని.

మొదట మేము ప్రయాణము చేసిన వాహనమును గూర్చి చెప్పవలెను. అమెరికావారు దానిని ఆర్.వి. అందురు. మా మనవరాలు దానికి 'ఇంటి బండి' అని తెలుగుపేరు పెట్టెను. సుమారు 25 అడుగుల పొడవుగల మోటారు వాహనము. అందులో పడకలు, గ్యాసు పొయ్యి, చిన్న శీతల పేటిక, భోజనపు బల్ల, స్నానపు గది, అన్నియు కలవు. దీనిని దినములకింతయని బాడుగకు ఇత్తురు. మా అల్లుడు దానిని నడుపగా, మా అమ్మాయి పటము చూచి దారి చెప్పుచుండగా, నేనును, నా భార్యయు, తొమ్మిదేండ్ల మనవరాలును కిటికీల దగ్గర కూర్చుంటిమి. ఇది 2023వ సంవత్సరము అక్టోబరు మాసపు చివరి దినములనాటి మాట.

ఇంటి బండియందు నన్ను మిక్కిలిగా ఆకర్షించినది పడకయు కాదు, పొయ్యియు కాదు, నీటి తొట్టి. ఆ బండి మోయగలిగినది 40 గ్యాలనులు, అనగా సుమారు 150 లీటర్ల మంచినీరు. ఐదుగురికి వంటకు, త్రాగుటకు, స్నానమునకు అదియే. వాడిన నీరు రెండు వేరు తొట్లలో చేరును. దానిని కనబడిన చోట పారబోయుట నేరము. అందులకై ఏర్పరచిన స్థలములందే వదలవలెను. గోడమీద ఒక చిన్న పలక కలదు. మీట నొక్కినచో తొట్టిలో నీరు ఎంతయున్నదో దీపముల వరుస చూపును. మా మనవరాలు ఆ పలకకు తనంతట తానే కరణీకము వహించెను. నేను ముఖము కడుగుకొనుచుండగా, "తాతా, కుళాయి కట్టెయ్! ఒక దీపం ఆరిపోయింది!" అని కేకవేసెడిది. నగరమునందు పుట్టి, కుళాయి త్రిప్పిన నీరు వచ్చునన్నంత మాత్రమే ఎరిగిన పిల్లకు, నీటికి అడుగు ఉన్నదని ఆ పలక రెండు దినములలో నేర్పినది. ఈ పలక సంగతిని జ్ఞాపకముంచుకొనవలసినదిగా ప్రార్థన.

నెవాడా రాష్ట్రమునందలి పహ్‌రంప్ అను ఊరినుండి తెల్లవారకమునుపే బయలుదేరితిమి. ఎడారి అనగా మనము బొమ్మలలో చూచిన ఇసుక తిన్నెలను ఊహింతుము. ఇక్కడి ఎడారి అట్టిది కాదు. గులకరాతి నేల, దానిమీద ఎవరో కొలతబెట్టి నాటినట్లు దూరదూరముగా మోకాలెత్తు పొదలు. ఒక్కొక్క పొద తన చుట్టునున్న తడినంతయు తానే త్రాగును గనుక మరియొక పొద దాపున మొలవజాలదు. బీదయింట వడ్డనవలె ఆ నేలమీద అన్నియు ఎడముగానే ఉండును.

కాలిఫోర్నియా సరిహద్దు దాటిన కొలది సేపటికి డెత్ వ్యాలీ జంక్షన్ అను కూడలి వచ్చెను. నాలుగిండ్లైనను లేని ఆ చోట ఒక నాటకశాల కలదు. మార్తా బెకెట్ అను నర్తకి 1967లో ఆ దారిన పోవుచు, బండిచక్రము గాలిపోయి ఇచ్చట ఆగినది; పాడుపడిన మందిరమును చూచి ముచ్చటపడి అద్దెకు తీసికొన్నది. ప్రేక్షకులు రాని రాత్రులకై గోడలనిండ ప్రేక్షకులను చిత్రించుకొన్నది. 2012 వరకు అచ్చట నాట్యమాడినది. పల్లెయందు గ్రంథాలయము నడుపువారు ఆమె కథను వినదగినవారని తోచి ఈ మాట చెప్పితిని. ఖాళీ బల్లలను చూచి తలుపు మూసికొనిపోయినవారు ఏ ఊరిలోను ఏదియు నిలుపలేదు.

అక్కడనుండి బాట దిగసాగెను. పసుపుపచ్చని మట్టికొండలు, ముడుతలు పడిన ఏనుగు చర్మమువలె, జాబ్రిస్కీ పాయింట్ అనుచోట కానవచ్చెను. అవి యొకనాటి సరస్సు అడుగున పేరుకొన్న ఒండ్రు. ఆ సరస్సు ఎండి సుమారు 50 లక్షల సంవత్సరములైనది. ఇంకను దిగగా సముద్రమట్టమును తెలుపు పలక వచ్చెను. దానిని దాటియు బాట క్రిందికే పోవుచుండెను. ఫర్నెస్ క్రీక్ అను విడిది సముద్రమునకు దిగువన ఉన్నది. ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తించిన అత్యధికమగు ఉష్ణోగ్రత, 134 ఫారన్‌హీట్ డిగ్రీలు, అనగా 56.7 సెంటిగ్రేడు డిగ్రీలు, 1913 జులై 10న అచ్చటనే నమోదైనది. అక్కడికి దక్షిణముగా 17 మైళ్లు పోయినచో బ్యాడ్‌వాటర్ అను పల్లము. సముద్రమట్టమునకు 282 అడుగులు దిగువ. ఉత్తర అమెరికాఖండమునందు అంతకంటె పల్లము లేదు. చుట్టును ఉప్పు పరచిన మైదానము. ఎదుట 11,000 అడుగులకు పైబడిన టెలిస్కోప్ శిఖరము.

ఇదియే మొదటి సరస్సు. హిమయుగమునందు ఈ లోయనిండ కొన్ని వందల అడుగుల లోతున నీరుండెను. శాస్త్రజ్ఞులు దానికి మాన్లీ సరస్సని పేరిడిరి. అది ఎండిపోగా మిగిలినది ఈ ఉప్పు. కాని మేము పోయిన యేడు ఒక వింత జరిగెను. 2023 ఆగస్టు 20న హిలరీ తుపాను వచ్చి ఒక్క దినమున 2.2 అంగుళముల వాన కురిసెను. అది అచ్చటి సంవత్సరపు వానయంత. బాటలు కొట్టుకొనిపోయెను, రెండు నెలలకు గాని దారి తెరువలేదు. మేము తెరచిన కొద్ది దినములకే పోయితిమి. వేలయేండ్ల క్రింద చనిపోయిన సరస్సు చీలమండ మునుగని లోతున తిరిగి వచ్చియుండెను. శిఖరమంతయు దానిలో తలక్రిందుగా ప్రతిఫలించుచుండెను. మా మనవరాలు దానిలో నడచి, కాళ్లకు ఉప్పు పట్టించుకొని వచ్చెను.

ఆ నీరు నిలువదని మాకు తెలియును. ఉగాదినాడు పంచాంగశ్రవణములో ఆదాయవ్యయములు వినుట మనకు వాడుక గదా! ఆ లోయకు పంచాంగము చెప్పవలసినచో ఆదాయము రెండు, వ్యయము నూటయేబది. సంవత్సరమునకు పడు వాన రెండంగుళములకు కొంచెము పైగా. ఎండయు గాలియు ఆవిరి చేయగలిగినది సుమారు 150 అంగుళములు. ఇట్టి జాతకముగల నేలమీద సరస్సు అతిథియే గాని గృహస్థు కాజాలదు.

ఈ లోయకు వాన ఏల రాదు? పసిఫిక్ సముద్రమునుండి తూర్పుగా వచ్చు మేఘము ఈ లోయను చేరుటకు నాలుగు పర్వతపంక్తులను దాటవలెను. కొండ ఎక్కునప్పుడు మేఘము చల్లబడి తనయందలి నీటిని పడమటి వాలుపై కురిసివేయును. ఇవతలికి దిగునప్పుడు వట్టి చేతులతో దిగును. దీనినే మనము పాఠ్యపుస్తకములయందు వర్షచ్ఛాయాప్రదేశమని చదువుకొంటిమి. మన సీమ కథయు ఇదియే. నైరృతి మేఘము తన మూటనంతయు పడమటి కనుమల ఆవలివైపుననే విప్పివేయును. అచ్చట నూరంగుళములకు పైగా కురియగా మనకు మిగులునది 22 అంగుళములు. అందుచేత, ఎడారిని కొండయే కన్నది. అచ్చట మంచుకొండయు, ఇచ్చట ఉప్పుమైదానమును వేరువేరు దేశములు కావు; ఒకే మేఘముయొక్క రెండు పద్దులు.

ఇచ్చటనే మరియొక మాట. ఈ లోయకు 'మృత్యులోయ' అను పేరు 1849లో దారితప్పి వచ్చిన బంగారుయాత్రికులు పెట్టినది. టింబిషా షోషోనీ అను ఆదివాసులకు మాత్రము అది తరతరముల ఇల్లు. వారు ఇప్పటికిని ఫర్నెస్ క్రీక్‌లో ఉన్నారు. వారి స్వస్థలమును 2000వ సంవత్సరములో ఒక శాసనము అంగీకరించినది. దారి తెలియనివాడు మృత్యువని పిలిచిన చోటనే ఊట తెలిసినవాడు సంసారము చేసెను. 1883 మొదలు 1888 వరకు అచ్చటినుండి బోరాక్సు అను ఖనిజమును ఇరువది పశువులు, కంచరగాడిదలే ఎక్కువ, 165 మైళ్లు లాగుకొనిపోయెడివి. రెండు సరకుబండ్ల వెనుక మూడవది నీటిబండి: 1,200 గ్యాలనులు. మా ఇంటి బండికి అది ముత్తాతయన్నమాట. ఆ దారిని ఎవ్వరు పోయినను నీటిని లెక్కించుకొనియే పోయిరి.

తరువాత ఇసుకతిన్నెలు వచ్చెను. మన బొమ్మలలోని ఎడారి అచ్చట కొంతమేర మాత్రమే కలదు. అక్కడనుండి టౌన్ కనుమ ఎక్కుట. సముద్రమట్టమునుండి 4,956 అడుగులు ఒకే ఊపున ఎక్కవలెను. ఇంజను కాగకుండ చల్లనిగాలి యంత్రమును ఆపివేయుడని దారిప్రక్క పలకలు హెచ్చరించును. లోపలనున్న గిన్నెలు, చెంచాలు అన్నియు వాద్యములై మ్రోగుచుండ, బండి ముసలియెద్దువలె అడుగులో అడుగు వేసి ఎక్కెను. దిగుట ఇంకను కష్టము. బ్రేకుమీద కాలు మోపి దిగినచో అది కాలిపోవును. చిన్న గేరులో ఇంజను బిగువునే నమ్మి దిగవలెను. పనమింట్ లోయలో దిగి, మరల ఎక్కి, కొమ్మలు చేతులవలె పైకెత్తిన జాషువా చెట్ల నడుమ పోవుచుండగా, పడమట ఆకాశమున తెల్లని గీత యొకటి కానవచ్చెను. మబ్బనుకొంటిమి. అది కదలలేదు. అదియే సియెర్రా నెవాడా. ఆ పేరునకు మంచుకొండల వరుసయని అర్థము.

ఆ కొండల పాదమున రెండవ సరస్సు ఉన్నది, కాదు, ఉండెను. ఓవెన్స్ సరస్సు సుమారు 110 చదరపు మైళ్ల మేర నిండియుండెను. 1870లలో వెండిదిమ్మెలను మోయు ఆవిరిపడవ దానిపై తిరిగెను. ఆ లోయయందలి పైయూట్ జనులు తమ నేలను 'నీరు పారు చోటు' అను అర్థముగల పయహూనాడు అను పేరుతో పిలుతురు. తెల్లవారు రాకమునుపే వారు కాలువలు త్రవ్వి పొలములను తడుపుకొనిరి. 1863లో సైనికులు వారిలో తొమ్మిదివందలమందికి పైగా జనమును దూరమునకు నడిపించుకొనిపోయిరి. వారు విడిచిన కాలువలమీద క్రొత్త రైతులు తోటలు వేసిరి. తరువాత ఆ రైతుల వంతు వచ్చెను.

దక్షిణమున లాస్ ఏంజిలిస్ నగరము పెరుగుచుండెను. దానికి నీరు చాలలేదు. ఆ నగరపు పూర్వ మేయరైన ఫ్రెడ్ ఈటన్ మొదలగువారు లోయలోని భూములను, వాటితోకూడ నీటిహక్కులను కొనసాగిరి. ఎవరికొరకు కొనుచున్నారో అమ్మినవారిలో అనేకులకు తెలియదు. విలియం ముల్‌హాలండ్ అను ఇంజనీరు 233 మైళ్ల కాలువను నిర్మించెను. ఎక్కడను పంపు లేదు. వాలుమాత్రముననే నీరు కొండలు దాటిపోవును. శిల్పనైపుణ్యము రీత్యా అది మహత్కార్యమే. 1913 నవంబరు 5న నీరు నగరమును చేరినప్పుడు, అదిగో నీరు, తీసికొనుడని ఆయన రెండు ముక్కలలో ప్రసంగము ముగించెను. 1926 నాటికి ఓవెన్స్ సరస్సు ఎండిపోయెను. నడుమ 1924లో రైతులు కాలువను డైనమైటుతో పేల్చిరి. ఆ నవంబరులో అలబామా తూములను పట్టుకొని నాలుగు దినములు నీటిని నదిలోనికి మరలించిరి. ఆడవారు వంటపాత్రలు తెచ్చి అచ్చటనే అందరికి వండిపెట్టిరి. నీరు మాత్రము నిలువలేదు.

సరస్సు పోయిన తరువాత దాని అడుగు లేచినది. ఉప్పుతోకూడిన సన్నని ధూళి గాలికి ఎగసి ఊళ్లను కప్పెను. ఒక్క చోటనుండి లేచు ధూళిలో ఆ దేశమంతటను అదియే అగ్రస్థానమును వహించెను. కోర్టులును శాసనములును పట్టుపట్టగా, ఈ శతాబ్దమునందు నగరము మరల కొంత నీరు వదలి, గులకరాళ్లు పరచి, గడ్డి పెంచి ఆ ధూళిని అణచుచున్నది. అందులకు 200 కోట్ల డాలర్లకు పైగా వ్యయమైనది. మేము చూచునప్పటికి, మడికట్లవలె విభజించిన పలుచని నీటిపలకలమీద పక్షులు వ్రాలియుండెను. చూడ చక్కగనే యుండెను. కాని అది సరస్సు కాదు. సరస్సు పోయినందులకు చెల్లించుచున్న వడ్డీ.

నేను నగరమును దూషించుటకు ఈ మాట చెప్పలేదు. ఆ నీటిని లక్షలమంది త్రాగిరి. అందులో మనవారును కలరు, మా మనవరాలును కలదు. దాహము తీర్చుట తప్పు కాదు. మన సీమలోను తుంగభద్ర కాలువ నీరు రానిదే నిలువలేని ఊళ్లున్నవి. శ్రీశైలము జలాశయమునకై 1981 ప్రాంతమున సుమారు నూరు గ్రామములవారు ఇండ్లు విడిచిరి. ఒక చోటి నీరు మరియొక చోటికి పోవుట లోకమున తప్పదు. అయితే ఇచ్చువానిని అడిగితిరా, ఎంత తీసికొనుచున్నారో వ్రాసిరా, అడుగున ఎంత మిగిల్చిరి, అను మూడు ప్రశ్నలకు సమాధానముండవలెను. ఓవెన్స్ లోయలో ఈ మూడింటికిని సకాలమున సమాధానము లేకపోయెను.

లోన్ పైన్ అను ఊరు దాటితిమి. సుమారు 3,700 అడుగుల ఎత్తున నిలచి తలయెత్తి చూచినచో, 14,505 అడుగుల విట్నీ శిఖరము గోడవలె నిలచియుండును. అలాస్కా, హవాయి విడిచినచో ఆ దేశమున అదియే అత్యున్నతము. ఉదయము చూచిన అత్యంతపు పల్లమునుండి దీనికి పక్షి ఎగురు దూరము 85 మైళ్లు మాత్రమే. 1872 మార్చి 26న ఈ కొండ అడుగున భూమి చీలి వచ్చిన భూకంపమునకు 27 మంది మరణించిరి.

ఇంకను పోగా మంజనార్. ఆ మాటకు స్పానిషు భాషలో ఆపిలు తోటయని అర్థము. నగరము నీటికై భూమిని కొన్నందున తోటలు పాడుపడెను. ఆ పాడునేలపై 1942లో, యుద్ధకాలపు భయముచేత, జపానుసంతతికి చెందిన పదివేలమందిని ముళ్లతీగల నడుమ నిర్బంధించిరి. వారిలో అధికసంఖ్యాకులు ఆ దేశపు పౌరులే. 1988లో ప్రభుత్వము శాసనము చేసి క్షమాపణ చెప్పెను. ఆ చోటు నేడు జాతీయ స్మారకము. ఆ తరువాతి ఊరి పేరు ఇండిపెండెన్స్, అనగా స్వాతంత్ర్యము! మేరీ ఆస్టిన్ అను రచయిత్రి ఆ ఊరిలో కాపురముండి, వాన కొరవడిన ఆ నేలను గూర్చి 1903లో ఒక పుస్తకము ప్రకటించెను. కాలువ రాకమునుపు ఆ లోయ ఎట్లుండెనో ఈనాడు తెలిసికొనగోరువారు ఆ పుస్తకమును తెరువవలెను. సరస్సు పోయినను సాక్ష్యము అలమారలో మిగిలినది.

బిషప్ అను పట్టణము దాటగానే బాట మరల ఎక్కసాగెను. పొదలు పోయి దేవదారు జాతి చెట్లు వచ్చెను. ఉదయము చొక్కామాత్రముతో తిరిగినవారము ఇప్పుడు ఉన్నిబట్టలు వెదకుకొంటిమి. దారిప్రక్కనున్న గులాబిరంగు రాయి 7,60,000 సంవత్సరముల క్రింద ప్రేలిన మహాగ్నిపర్వతపు బూడిద. 8,000 అడుగులకు పైబడిన కనుమను దాటి దిగుచుండగా ప్రొద్దు క్రుంకెను. క్రింద, చీకటిపడుచున్న లోయలో, పళ్లెమువలె ఒక కాంతి. అదియే మూడవది, మోనో సరస్సు.

ఆ సరస్సునకు బయటికి పోవు దారి లేదు. అందుచేత సముద్రముకంటె రెండు రెట్లకు మించి ఉప్పన. చేపలు బ్రదుకవు. చిన్న ఉప్పురొయ్యలును, ఒక జాతి ఈగలును మాత్రము లెక్కకు మించి పుట్టును. వాటిని తినుటకు లక్షల పక్షులు వచ్చును. 1941 మొదలు నగరము దీనిలోనికి వచ్చు ఏరులనుకూడ తన కాలువలోనికి మరలించెను. 1982 నాటికి మట్టము 45 అడుగులు దిగెను, నీరు సగమైపోయెను, ఉప్పు రెట్టింపయ్యెను. పక్షులు గ్రుడ్లుపెట్టు దీవికి నేల బయటపడి వంతెన ఏర్పడగా నక్కవంటి జంతువులు పోయి గూళ్లను పాడుచేసెను. ఓవెన్స్ సరస్సు పోయిన దారినే ఇదియు పోవలసియుండెను. పోలేదు. ఏల పోలేదో చెప్పుటయే నా ప్రసంగముయొక్క ముఖ్యోద్దేశము.

1976లో కొందరు కళాశాల విద్యార్థులు వేసవియంతయు ఆ గట్టున గుడారములు వేసికొని లెక్కించిరి. పక్షులను లెక్కించిరి; రొయ్యలను లెక్కించిరి; నీటి ఉప్పదనమును కొలిచిరి; మట్టము ఏ యేడు ఎంత దిగినదో పట్టిక వేసిరి. ఇట్లే పోయినచో ఏమగునో ఒక నివేదిక వ్రాసిరి. వారిలో ఒకడగు డేవిడ్ గేన్స్ మొదలగువారు 1978లో మోనో సరస్సు సంఘమును స్థాపించిరి. వ్యాజ్యము నడచెను. 1983లో కాలిఫోర్నియా అత్యున్నత న్యాయస్థానము తీర్పునిచ్చెను. దాని సారమేమనగా: సరస్సులకును నదులకును ప్రభుత్వము యజమాని కాదు, ధర్మకర్త. నీటిహక్కు ఇచ్చినంతమాత్రమున ధర్మకర్త బాధ్యత తీరదు. ఎప్పుడైనను పునర్విచారము చేయవచ్చును, చేయవలెను. 1994లో నీటిమండలి సరస్సు 6,392 అడుగుల మట్టమునకు చేరువరకు ఏరులను వదలవలెనని నిర్ణయించెను. ఆ మట్టమునకు ఇంకను చేరలేదు. కాని సరస్సు బ్రదికియున్నది. నగరమును దాహముతో చావలేదు. 1970లనుండి అచ్చటి జనము పదిలక్షలకు పైగా పెరిగినను, పొదుపు నేర్చినందున నీటివాడుక పెరుగలేదు.

ఈ తీర్పు ఆ దేశముతో ఆగలేదు. బియాస్ నదిని గూర్చిన వ్యాజ్యమునందు 1996 డిసెంబరులో మన సుప్రీంకోర్టు ఈ మోనో సరస్సు తీర్పునే ఉదహరించి, ఈ ధర్మకర్తృత్వ సూత్రము మన దేశపు చట్టములో భాగమని ప్రకటించెను. పిమ్మట 2006లో, తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువులను ఇండ్లస్థలములకు ఇచ్చుటను గూర్చిన వ్యాజ్యములోను అదే సూత్రమును వర్తింపజేసి, ఇకమీది నిర్మాణములపై ఆంక్షలు విధించెను. ఎక్కడి మోనో సరస్సు, ఎక్కడి పేరూరు చెరువు! పక్షులను లెక్కించిన విద్యార్థుల పని సముద్రములే దాటి మన చెరువుగట్టును చేరినది.

ఇప్పుడు మన చెరువు సంగతి. నేను ఈ సభకు వచ్చుటకు ముందు ఇద్దరు పెద్దలను అడిగితిని: మన చెరువు కడపట మరువ పారినది ఎప్పుడు? ఒకరు చెప్పిన యేడునకును, ఇంకొకరు చెప్పిన యేడునకును ఆరేండ్ల తేడా వచ్చెను. ఇద్దరును సత్యవంతులే. చెరువు లోపలి భూమి ఎంతవరకని అడిగితిని. ఒకరు చింతచెట్టు వరకనిరి. ఇంకొకరు కంపచెట్లను దాటి గుండు వరకనిరి. రేపు ఎవరైన వచ్చి ఆ నడుమ భూమిలో గోడ కట్టినచో మనమేమి చూపుదుము? జ్ఞాపకమును న్యాయస్థానము చదువదు, వ్రాతను చదువును. లెక్క ఉన్నంతమాత్రమున నీరు దక్కునని నేను చెప్పను. పట్టుదలయు, ఐకమత్యమును, కొంత కాలము కలిసివచ్చుటయు వలయును. కాని లెక్క లేనివానికి అడుగుటకు నోరే ఉండదు.

కావున ఈ రజతోత్సవమునందు నాదొక మనవి. గ్రంథాలయమనగా ఇతరులు వ్రాసిన పుస్తకములను భద్రపరచు చోటు మాత్రమే కాదు. ఊరు తన్నుగూర్చి తాను వ్రాసికొను పుస్తకముకూడ ఇచ్చట ఉండవలెను. చెరువు తూము రాతిమీద అడుగులు, అంగుళములు గీయింతుము. పాఠశాల విద్యార్థులు ఇద్దరిద్దరు వంతులు వేసికొని, వారమున కొకమారు మట్టము చూచి వచ్చి ఇచ్చట వ్రాయవలెను. వాన కురిసిన ప్రతి ఉదయమును కొలత వ్రాయవలెను. ఏ బావి ఎంతలోతున ఎండినదో, ఏ యేడు మరువ పారినదో, ఏ పక్షులు ఏ నెలలో వచ్చినవో వ్రాయవలెను. అందులకై నా వంతుగా ఒక వర్షమాపకమును, గట్టి అట్టవేసిన ఒక పెద్ద లెక్కపుస్తకమును తెచ్చితిని. వానిని అధ్యక్షులవారికి సమర్పించుచున్నాను. ఖర్చు స్వల్పము. కావలసినది విడువకుండుట. ఇరువదియైదేండ్లు ఈ తలుపును ప్రతిసాయంకాలము తెరచిన మీకు అది క్రొత్త విద్య కాదు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి నేనుండను. వెనుక బల్లలపై ఉన్న ఈ పిల్లలు ముందు కుర్చీలలో కూర్చుందురు. ఆనాడు ఎవరైన లేచి, మన చెరువు కడపట మరువ పారినది ఎప్పుడని అడిగినచో, ఇద్దరు పెద్దలు రెండు జవాబులు చెప్పుటకు బదులు, ఒక పిల్ల లేచి అలమారనుండి పుస్తకము తీసి తేదీతో చదువవలెను. అంతమాత్రము జరిగినచో ఈ రజతోత్సవము సార్థకము.